నేను దాచిన తోక

నా పేరు ధనుంజయరావు. పేరులో రావు ఉంది గాని, నాకు మాటలు రావు అన్నవాడు గురజాలలో ఒక్కడూ లేడు. తాలూకా కచేరీ ఎదురుగా అరుగు మీద టైపు మిషను పెట్టుకుని రైతులకు అర్జీలు కొట్టిపెట్టేవాణ్ణి. వేళ్ళతో టైపు కొట్టేవాణ్ణి, నోటితో డప్పు కొట్టేవాణ్ణి. నేనొక చమత్కారం విసిరితే పక్కనున్న చలమయ్య కాఫీ హోటలు గొల్లుమనేది. ఇప్పుడు చెప్పబోయే సంగతి మాత్రం కాస్త మెల్లిగానే చెబుతాను.

అవి యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు గ్యాసు మీద నడిచేవి. వెనక బొగ్గుల డ్రమ్ము, దాని కింద నిప్పు, పైన పొగ. దాన్ని బస్సు అనడం కంటే బుస్సు అంటే సరిపోయేది. మాచర్ల బస్సుకు ఆ డ్రమ్ము చూసుకునే ఫిట్టరు అబ్దుల్ జబ్బార్. నా ఈడువాడే. ఇంజను దగ్గితే చాలు, ఏ గొట్టంలో ఏ నలక పడిందో చెప్పేవాడు.

నలభైమూడులో నా మిషను మీట ఒకటి విరిగింది. గుంటూరు పంపితే గాని బాగుపడదన్నారు. జబ్బార్ అరుగు మీదే ఒక పూటంతా కూర్చుని అతికించిపెట్టాడు. ఏం కావాలోయ్ అని అడిగాను.

"ఏమొద్దు రావన్నా. నా పనితనం గురించి ఇంగిలీసులో ఒక చిట్టీ కొట్టియ్యి. పెద్ద కంపెనీల్లో చూపించుకుంటా."

పనివాడు ఎక్కడికి వెళ్ళినా ముందు అడిగేది అలాంటి చిట్టీనే. చదవడం రాకపోయినా దాన్ని ఇంటి పట్టాలాగా దాచుకునేవారు. హోటలు ముందు నలుగురు నా నోటి కోసం కాచుకుని ఉన్నారు. నలుగురు చూస్తుంటే నాకు బుద్ధి నిలవదు. కొట్టాను: "ఈ చిట్టీ తెచ్చిన అబ్దుల్ జబ్బార్ యూస్‌లెస్, కేర్‌లెస్, హోప్‌లెస్ ఫిట్టర్."

ఇంగ్లీషులో మాట వెనక 'లెస్' అని తోక తగిలిస్తే ఆ గుణం లేదని అర్థం. పనికిరానివాడు, ఒళ్ళు దగ్గర పెట్టుకోనివాడు, ఆశ వదులుకోవాల్సినవాడు. జబ్బార్‌కు మాత్రం పనికొచ్చేవాడు, జాగ్రత్తపరుడు, పైకొచ్చేవాడు అని చదివి వినిపించాను. ఇంగ్లీషు తెలిసినవాళ్ళు పగలబడి నవ్వారు, తెలియనివాళ్ళు వాళ్ళను చూసి నవ్వారు. జబ్బార్ కూడా నవ్వాడు. తన మంచి వింటే అందరికీ సంతోషంగా ఉందనుకున్నాడు.

సాయంత్రం మంచి చిట్టీ ఇద్దామనే అనుకున్నాను. సాయంత్రానికి అతను బస్సుతో మాచర్ల పోయాడు. మర్నాడు మారుస్తానంటే ఎందుకని అడుగుతాడు. వారం పోయింది. నెల పోయింది. మూడేళ్ళు పోయాయి.

నలభైఆరులో పెట్రోలు మళ్ళీ దొరకసాగింది. మాచర్ల బస్సుకు బొగ్గుల డ్రమ్ము ఊడదీశారు, దానితో పాటు జబ్బార్ పనీ ఊడింది. ఒకరోజు పొద్దున్నే పలక పట్టుకుని నా అరుగెక్కాడు.

"రావన్నా, నాకు ఇంగిలీసు చెప్పు."

"మీసాలు నెరిశాక ఓనమాలేందయ్యా?"

"నీ చిట్టీ ఏడు చోట్ల చూపించా. నర్సరావుపేట, గుంటూరు, బెజవాడ. ప్రతోడూ చదివి నవ్వుతాడు. ఒకాయనైతే ఇంకో ఇద్దర్ని పిలిచి చూపించాడు. పని మాత్రం లేదంటారు. నా మొకాన మసి చూసి నవ్వుతున్నారంటది మా ఇంటిది హజ్రా బీ. కడుక్కుని గూడా పోయా. వచ్చే నెల గుంటూరులో కొత్త బస్సు కంపెనీవోళ్ళు ఫిట్టర్లను చూస్తారంట. ఈలోపల ఆ నవ్వేందో నాకు తెలవాలన్నా."

నిజం చెప్పాల్సిన చోట, "రేపట్నించి రా" అన్నాను.

అక్షరాలు పది రోజుల్లో పట్టేశాడు. తరువాత మాటలకు ముందూ వెనకా తగిలించే ముక్కలు మొదలుపెట్టాను. 'లాక్' అంటే తాళం వెయ్యి, ముందు 'అన్' పెడితే తాళం తియ్యి. 'రీ' పెడితే మళ్ళీ. కొన్ని మాటలకు 'ఇన్' పెట్టినా అర్థం తిరగబడుతుంది. 'ఫిట్' వెనక 'అర్' పెడితే నువ్వే.

"అరె, ఇది మా పనే గదన్నా! బండి అదే. ముందు దీపం పెడితే మనకు దారి కనపడతది. ఎనక దీపం పెడితే మనం పక్కోడికి కనపడతాం" అన్నాడు.

నాకు ఇంగ్లీషు నేర్పిన మేష్టరు కూడా ఇంత బాగా చెప్పలేదు. 'ఆనర్' ముందు 'డిస్' పెడితే ఏందని అడిగాడు. పరువు తియ్యడం అని చెప్పి గబగబా పలక తుడిచేశాను. నిండుగా ఉందని చెప్పే తోక 'ఫుల్' చెప్పాను. 'లెస్' మాత్రం దాటేశాను. నేర్పేవాడు దాస్తే నేర్చుకునేవాడికి కనపడదనుకున్నాను.

గుంటూరు ప్రయాణం రేపనగా, అరుగు మీద అర్జీ కోసం మౌలాలీ అనే మిరప రైతు కూర్చుని ఉండగా, జబ్బార్ అడిగాడు.

"నిండితే ఫుల్. మరి అడుగంటితే ఏందన్నా తగిలించేది?"

"అది అంత ముఖ్యం కాదులే."

"ట్యాంకు అడుగంటితే బండి ఆగుద్ది. ముఖ్యం కాకపోవటమేంది?"

పలక తీసుకుని 'లెస్' అని నేనే రాశాను. బలపం విరిగింది. జబ్బార్ ఆ నాలుగక్షరాలూ చూశాడు. జేబులోంచి చిట్టీ తీసి విప్పాడు. వేలు మూడు చోట్ల ఆగింది.

"మూడున్నయ్యే" అన్నాడు. "నా గురించేనా?"

"నవ్వులాటకు కొట్టాను జబ్బారూ. నలుగురూ ఉన్నారు..."

"ఆ రోజు నేను గూడా నవ్వాను గదన్నా."

హోటల్లోంచి చలమయ్య, "ఏం జబ్బారూ, పాఠం ఎందాకొచ్చింది?" అని కేకేశాడు.

"అయిపోయింది మామా."

కొత్త కాగితం మిషనుకెక్కించాను. వంకర లేకుండా, ఉన్నది ఉన్నట్టు కొట్టాను. నిజాయితీ గల మనిషి, బస్సును ఒక్క రోజూ ఆగనివ్వలేదు, ఈ మిషను అతను బాగుచేసిందే. పాతది ఇస్తే చింపేస్తానన్నాను. ఇవ్వలేదు. కొత్తది తీసుకుని ఒక్కొక్క మాటకు ముందు భాగం బొటనవేలితో మూసి, తరువాత వెనక భాగం మూసి, మధ్యలో ఏముందో చూస్తూ చదివాడు. 'ఇన్‌వాల్యుబుల్' దగ్గర వేలు ఆగింది.

"ముందు 'ఇన్' ఉంది. విలువ లేనోడనా?"

"కాదయ్యా, దేవుడి తోడు. వెల కట్టలేనంత గొప్పవాడని."

జబ్బార్ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కాగితం పట్టుకుని అరుగు దిగి, రోడ్డు దాటి, ఆడపిల్లల బడి పంతులమ్మ నాగరత్నమ్మగారి గుమ్మం ముందు నిలబడ్డాడు. ఆవిడ చదివి తల ఊపింది. అతను మళ్ళీ ఏదో అడిగాడు. ఆవిడ మళ్ళీ తల ఊపింది. అప్పుడు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అయ్యా, నా అర్జీ కూడా ఒకసారి ఇటియ్యండి" అన్నాడు మౌలాలీ, లేచి నిలబడి. "ఆమెతో చదివించుకొస్తా."

ఇచ్చాను.

పది రోజుల తరువాత జబ్బార్ హజ్రా బీని గుంటూరు తీసుకెళ్ళడానికి వచ్చాడు. కొత్త కంపెనీలో పని దొరికిందట. హోటల్లో అందరికీ లడ్డూలు పంచాడు. నా అరుగెక్కకుండానే రైలు వేళకు వెళ్ళిపోయాడు. ఆ తరువాత చలమయ్య ఒక లడ్డూ ఆకులో పెట్టి తెచ్చి నా మిషను పక్కన పెట్టాడు.

"నాకిమ్మన్నాడా?" అని అడిగాను.

"మిగిలిందిలే, తిను" అని చలమయ్య లోపలికి పోయాడు.