ఎలుక చెవిలో ఎరుపు

చలి కాదిది, కింద పొయ్యి వేడి పాకే నేల వెచ్చగానే ఉంది, దుంగలు ఎక్కువే తోశాడు, అయినా పళ్ళు టకటకమంటున్నాయి, కోతల అలసటే అయ్యుంటుంది అనుకున్నాడు పాన్‌సొక్, అనుకున్న మరుక్షణం ఒళ్ళు ఇంకోలా జలదరించింది, కొన్నేళ్ళ కింద భార్య మల్‌సూన్ కూడా ఇదే మాట అంది, కోతల అలసటేలే, చెమట పడితే పోతుంది అని ఇదే నేల మీద దుప్పటి కప్పుకుంది, పేట నుంచి జలుబు మాత్రలు తెచ్చిచ్చాడు, మింగింది, ఇక లేవలేదు, శవానికి స్నానం చేయించడానికి వచ్చిన పక్కింటి ఓక్‌రే రొమ్ము కింద ఆ మచ్చ చూసింది, సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు, దానికి నొప్పుండదు, దురదుండదు, చూసిన నోరు ఊరుకుందా, వాకిట్లో అందరి ముందూ అనేసింది, ఎవరైనా ఒక్కసారి చూసుంటే బతికేది కదా అని, ఎవరైనా అంటే ఎవరు, మొగుడే కదా, అప్పట్నుంచీ ఆమెతో మాట లేదు, ఆమె ముఖం చూడాల్సొస్తుందనే పెద్దల్ని తలుచుకునే చుసోక్ పండగకి ముందు ఊరంతా కొండెక్కి సమాధుల మీద గడ్డి కోసుకుంటే తను వెళ్ళలేదు, కోతలయ్యాక వెళ్ళాడు, ఒక్కడే.

వద్దన్నాడు ఎలుకల మనిషి, నెలనెలా గట్ల మీద బోనులు పెట్టి పొలం ఎలుకల్ని పట్టుకుపోయే ఆరోగ్య శాఖ ఉద్యోగి, ఒకదాని చెవి మడత విప్పి చూపించాడు కూడా, తాతా, ఎండాకాలంలో ఈ చెవి శుభ్రంగా ఉంటుంది, ఇప్పుడు చూడు, కారప్పొడి అద్దినట్టుందా, అన్నీ పురుగు పిల్లలే, అవి కుట్టిన చోటే నల్ల పెచ్చు కట్టి జ్వరమొస్తుంది, గడ్డిలో కూర్చోకు, ఎలుకల వైద్యుడివి నువ్వా నాకు చెప్పేది అన్నాడు తను, అని కొండెక్కాడు, మల్‌సూన్ సమాధి దిబ్బ మీద గడ్డి కోశాడు, పక్కన తన కోసం అట్టే పెట్టిన చోటా కోశాడు, చొక్కా విప్పి, బియ్యపు కల్లు తాగి, కొలత చూసుకున్నట్టు అక్కడే పడుకున్నాడు.

ఇప్పుడు ఆ మచ్చ కోసం చంకలు చూసుకున్నాడు, గజ్జలు చూసుకున్నాడు, మోకాళ్ళ వెనక తడుముకున్నాడు, ఏమీ లేదు, మిగిలింది వీపు, చేతి అద్దంలో నీడ కూడా నల్లగానే ఉంది, అద్దం జారి పగిలింది, వీపు చూడ్డానికి ఇంట్లో రెండో మనిషి లేదు, జ్వరమంటే మళ్ళీ జలుబు మాత్రలే చేతిలో పెడతారు, మచ్చ చూపించాలి, ఆ మచ్చని ఎరిగిన కళ్ళు ఈ ఊళ్ళో ఇంకెవరికున్నాయి.

ఏం బావా, దారి తప్పావా, ఇన్నేళ్ళకి ఈ గుమ్మం కనపడింది, అంది ఓక్‌రే, ఎండబెట్టే పండ్లకి తొక్క తీస్తూ, కత్తి ఆపలేదు, వీపు చూడు, అన్నాడు, ఇంకేం అనలేకపోయాడు, నా పండ్లు వదిలేసి నీ ఎండు ముల్లంగి చూడాలా, ఎత్తు చొక్కా, మళ్ళీ సిగ్గొకటి, అంటూనే వేళ్ళు తుడుచుకుంది, చల్లటి వేలు మెడ దగ్గర మొదలై భుజం మీదుగా కిందికి జారింది, రెక్క ఎముక కింద ఆగింది, నోరూ ఆగింది, ఎన్నడూ ఆగని నోరు, తర్వాత మెల్లగా, చొక్కా దించు బావా, మావాణ్ణి బండి తీయమంటాను, నేనూ వస్తాను, ఇది డాక్టరుకి నేనే చూపిస్తాను, పాన్‌సొక్ స్తంభం పట్టుకున్నాడు, ఎప్పుడు పోతానా అని ఇన్నేళ్ళూ ఊరంతా వినేలా వాగినవాడికి ఇప్పుడు నున్నగా కోసిన ఆ ఖాళీ చోటే కళ్ళ ముందు ఆడుతోంది, అక్కడికి పోవాలని లేదు, ఎప్పుడూ లేదు, వచ్చే ఏడు ఆ గడ్డి మళ్ళీ తనే కోయాలి, అందరితో కలిసి, పండగకి ముందే, ఎలుకల చెవులు ఇంకా శుభ్రంగా ఉండగానే.