ఐదులో ఫ్యాను

కండక్టరమ్మ విజిలు నోట్లో పెట్టుకుని తుమ్మింది. బస్సు ఆగిపోయింది.

ఒక విజిలంటే ఆగు, రెండంటే పోనీ. డ్రైవరుకు తెలిసిన చట్టం అదొక్కటే. ఏది విజిలో, ఏది తుమ్మో విచారించడం అతని డ్యూటీ కాదు. అలా వారం రోజులుగా ఆ బస్సు ఆగకూడని చోటల్లా ఆగుతోంది, కదలకూడని చోటల్లా కదులుతోంది. మొన్న ఒక స్టాపులో ఆవిడ వరసగా రెండు తుమ్ములు తుమ్మేసరికి ఒక పెద్దాయన గొడుగు బస్సెక్కింది గానీ పెద్దాయన ఎక్కలేదు. ఆ గొడుగు పట్టుకుని డిపో మేనేజరు ఆవిణ్ణి పిలిపించాడు.

"ఏంటమ్మా ఇది? ఎండలు మండిపోతుంటే స్వెట్టరేంటి, మంకీ క్యాపేంటి? ఆ జలుబు సంగతి తేల్చుకో. లేదంటే బస్సు దించేసి ఆఫీసులో కూర్చోబెడతా."

ఆఫీసులో కూర్చోవడమంటే కండక్టరమ్మకు జైలే. "ముందుకు జరగండి, లోపలంతా ఖాళీయే" అని జనం మీద అరవకపోతే ఆవిడకు అన్నం సయించదు. అరవడానికి ఇంట్లో మనిషి లేకుండా పోయాక, ఉన్న ఒక్క ఆధారం ఆ బస్సే.

జలుబుకు మాత్రలు మింగింది. పోలేదు. పోదు కూడా. అది వానకు పట్టిన జలుబు కాదు, ఫ్యాను జలుబు.

ఆవిడ భర్త రొట్టెల బట్టీలో పనివాడు. రోజంతా నిప్పుల ముందు నిలబడి కాగిన మనిషి. ఇంటికి రాగానే ఫ్యాను ఐదులో ఉండాలి. ఆవిడేమో రోజంతా బస్సు తలుపు దగ్గర గాలికి కొట్టుకున్న మనిషి. ఇంటికి రాగానే ఫ్యాను రెండు దాటకూడదు. పెళ్ళయిన కొత్తలో మొదలైన ఈ యుద్ధం ఆయన పోయేదాకా ఆగలేదు. ఆయన బట్టీ దగ్గరే పోయాడు, పని చేస్తూ చేస్తూ. ఆ రోజు నుంచి ఆవిడింట్లో ఫ్యాను ఐదులోనే తిరుగుతోంది. కింద ఆవిడ స్వెట్టరేసుకుని, రెండు దుప్పట్లు కప్పుకుని వణుకుతోంది.

తగ్గించుకోవచ్చు కదా అంటారు. అందరూ అదే అన్నారు. అనడానికేం, మాటలు ఊరికే వస్తాయి.

మనిషి పోగానే మన జనం చేసే మొదటి పని అతన్ని దేవుణ్ణి చెయ్యడం. రెండో పని, ఏడుస్తున్న వాళ్ళను ఏడవొద్దనడం. రెండూ వెధవ పనులే. ఆడపడుచు వచ్చి, "మా అన్నయ్య దేవుడు వదినా, ఒక్కనాడు నిన్ను పల్లెత్తు మాటనలేదు" అంది.

"ఆ దేవుడే నన్ను 'బస్సు హారను' అన్నాడు" అంది కండక్టరమ్మ.

"పోయినవాళ్ళను అలా అనకూడదొదినా."

ఇంక ఆయన మీద నోరు విప్పడానికే లేకుండా పోయింది. అన్నేళ్ళు పోట్లాడిన మొగుణ్ణి ఒక్కసారిగా పూజించమంటే ఎవరివల్ల అవుతుంది?

చివరికి డ్రైవరే ఆవిణ్ణి మనసు బాధలు చూసే కౌన్సిలరు దగ్గరికి లాక్కెళ్ళాడు. "అక్కా, నువ్వాఫీసులో కూర్చుంటే నా బస్సు మూగదైపోతుంది, పద" అన్నాడు. కింద టైర్ల కొట్టు, మేడ మీద పళ్ళ డాక్టరు, ఆ పక్క గదిలో కౌన్సిలరు. మధ్యలో గోడ పేరుకే గోడ. అటువైపు డ్రిల్లు గుయ్యిమంటే ఇటువైపు కూర్చున్నవాళ్ళ పళ్ళు జివ్వుమంటాయి. ఆ కౌన్సిలరు కొత్తగా చదువు పూర్తిచేసి వచ్చిన పిల్ల. గదిలో రెండు కుర్చీలు, మూల ఒక స్టూలు, ఒక మొక్క, టిష్యూల డబ్బా, పైన ఒక ఫ్యాను.

"డాక్టరమ్మా, సూది వేస్తావా?"

"నేను డాక్టర్ని కాదండీ, కౌన్సిలర్ని. సూదులుండవు."

"మాత్రలు?"

"ఉండవండీ."

"మరేం చేస్తావు?"

"మీరు చెప్పింది వింటాను."

"దానికింత మేడెక్కించాలా? మా బస్సెక్కు తల్లీ, ఊరందరి కష్టాలూ వినొచ్చు."

ఆ మొదటి రోజు కౌన్సిలరు వినలేదు. పాపం, ఫలితం చూపించాలని తొందర. ఫ్యాను సంగతి చెవిన పడగానే కళ్ళు మెరిశాయి. వారానికి ఒక నంబరు చొప్పున తగ్గిస్తూ రమ్మని పని అప్పజెప్పి పంపేసింది. ఊరంతా ఉచితంగా ఇచ్చే సలహానే, కాస్త మెత్తటి గొంతుతో ఇచ్చింది.

మరుసటి వారం కండక్టరమ్మ వచ్చి కూర్చుంది. "నాలుగు చేశాను" అంది. అని, గది దద్దరిల్లేలా తుమ్మింది. అటువైపు డ్రిల్లు ఆగిపోయింది.

కౌన్సిలరు ఆవిడ మంకీ క్యాపు వంక చూసింది. కండక్టరమ్మ చూపు మొక్క మీదకు తిప్పుకుంది.

"చెయ్యలేదు" అంది కండక్టరమ్మ. "రెగ్యులేటరు దగ్గరికెళ్ళి నిలబడ్డాను. చెయ్యి ఆడలేదు. తిట్టు."

"తిట్టాల్సింది నన్నండీ. ఫ్యాను గురించి అడిగాను గానీ ఆయన గురించి అడగలేదు." కౌన్సిలరు తన కుర్చీలోంచి లేచి, మూలనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. ఖాళీ అయిన కుర్చీని కండక్టరమ్మకు ఎదురుగా జరిపింది. "ఆయన ఇందులో కూర్చున్నారనుకోండి. ఏమనాలనుంటే అది అనండి."

"పోయినవాళ్ళను ఏమీ అనకూడదట కదా?"

"ఈ గదిలో అనొచ్చు."

కండక్టరమ్మ కుర్చీని కాసేపు ఎగాదిగా చూసింది. "ఆయనిలా బుద్ధిగా కూర్చునే రకం కాదు" అని లేచి, కుర్చీని తీసుకెళ్ళి సరిగ్గా ఫ్యాను కింద వేసింది. "ఆఁ, ఇప్పుడు ఆయనే." ఇంక మొదలుపెట్టింది.

"ఏమయ్యా! ఇంట్లో ఉన్నామా, ఎగిరే విమానం రెక్క మీదున్నామా? నా వెంట్రుకలు సగం ఊడింది నీ ఫ్యాను వల్ల కాదూ?"

"ఆయనేమంటారు?" అంది కౌన్సిలరు.

కండక్టరమ్మ పరుగున వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది. మంకీ క్యాపు పీకి పక్కన పడేసి, కాళ్ళు బార్లా చాపి, గొంతు బొంగురు చేసింది. "నీకు చలేస్తే దుప్పటి కప్పుకోవచ్చు. నాకు ఉక్కపోస్తే తోలు ఒలుచుకోనా?"

మళ్ళీ పరుగున ఇటు. క్యాపు తగిలించుకుంది. "తోలు ఒలుచుకో, పీడా పోతుంది! మీ అమ్మ నిన్ను కొలిమిలో కందా?"

మళ్ళీ అటు. క్యాపు తీసింది. "మా అమ్మ జోలికి రాకు. మీ నాన్న గాలి తగిలితే ఎగిరిపోయే మనిషి, ఆయన పోలికే నీకు!"

అటూ ఇటూ, క్యాపు పెట్టి, క్యాపు తీసి, ఆవిడ పరుగులకు మేడ అదిరింది. కింద టైర్ల కొట్టువాడు పైకి చూసి ఏదో అరిచాడు. తలుపు తోసుకుని పళ్ళ డాక్టరు వచ్చాడు, చేతిలో చిన్న అద్దంతో.

"మేడమ్, మా పేషెంటు నోరు మూసుకుని వింటున్నాడండీ. ఎంత బతిమాలినా తెరవట్లేదు."

"క్షమించండి, మెల్లగా..."

"మెల్లగా వద్దట." డాక్టరు కాస్త సిగ్గుపడ్డాడు. "ఆవిడ నాన్నను అన్నాక ఆవిడేమందో కనుక్కుని రమ్మన్నాడు."

కౌన్సిలరు అతన్ని బయటికి పంపి తలుపు వేసింది. కండక్టరమ్మ రొప్పుతోంది. జలుబు ముక్కు ఎర్రబడింది గానీ, ఆయన పోయిన తర్వాత ముఖంలో అంత కళ రావడం అదే మొదలు.

"ఇంతకీ రోజూ ఎవరు గెలిచేవారండీ?"

"గెలవడమెక్కడిది? ఆయన నిద్రపోగానే నేను లేచి రెండు చేసేదాన్ని. తెల్లారకముందే ఆయన లేచి బట్టీకి పోతూ పోతూ మళ్ళీ ఐదు చేసేవాడు. పోయేవాడికి గాలెందుకు చెప్పు? నన్ను ఉడికించడానికి! ఆ చలికి నేను లేచి, లేని మనిషిని తిట్టుకుంటూ టీ పెట్టుకునేదాన్ని. రోజూ అంతే. ఆ రోజూ అంతే..."



"ఆ రోజూ ఐదు చేసి వెళ్ళారు" అంది కౌన్సిలరు.

"ఇప్పుడు నేను రెండులో పెడితే, తెల్లారేసరికి రెండులోనే ఉంటుందమ్మా."

ఇంక ఏడ్చింది. ఏడుపు కాదది, బ్రేకులు పోయిన బస్సు. కౌన్సిలరు ఊరుకోండి అనలేదు. ఆయనెక్కడున్నా మిమ్మల్ని చూస్తూనే ఉంటారు అనలేదు. టిష్యూ డబ్బా మీదకు చెయ్యి వెళ్ళింది గానీ వెనక్కి తీసుకుంది. స్టూలు మాత్రం దగ్గరికి జరుపుకుంది. ఆ పిల్ల చదువంతా అక్కడ పనికొచ్చింది.

ఏడుపు దానంతటది సన్నగిల్లాక కౌన్సిలరు నెమ్మదిగా అడిగింది. "ఇక్కడ రెండు కుర్చీల్లోనూ మీరే కూర్చున్నారు కదా. ఇంట్లో కూడా, పడుకునే ముందు మీ తరఫున రెండు చేసి, పొద్దున ఆయన తరఫున ఐదు చేస్తే?"

"ఆయన పెట్టిన ఐదూ, నేను పెట్టిన ఐదూ ఒకటేనా?"

కౌన్సిలరు తల అడ్డంగా ఊపింది. "కాదండీ. ఒకటి కాదు."

ఆ మాటకు కండక్టరమ్మ తలెత్తింది. ఇన్నాళ్ళకు ఒక్కరు నిజం చెప్పారు. ముక్కు తుడుచుకుని లేచింది. "సరే. చేతకాకపోతే మళ్ళీ వస్తా. కుర్చీ అక్కడే ఉంచు."

ఆ రాత్రి రెండు చేసింది. పొద్దున లేచి చూస్తే రెండులోనే ఉంది. రెగ్యులేటరు ముందు నిలబడి ఇంకో విడత ఏడ్చింది. తర్వాత "నీ పని కూడా నేనే చెయ్యాలా, బద్ధకస్తుడా" అని తిట్టి, ఐదు చేసి డ్యూటీకి పోయింది. అలా రోజూ. జలుబు వదిలింది. స్వెట్టరు పెట్టెలోకి పోయింది. గొడుగు పెద్దాయన చేతికి చేరింది. కుర్చీతో పోట్లాడడానికి మేడ మాత్రం ఎక్కుతూనే ఉంది. ఆవిడ వచ్చే రోజు చూసి ఆ పేషెంటు పన్ను చూపించుకోవడానికి వస్తున్నాడని పళ్ళ డాక్టరు సంతోషంగా చెప్పాడు.

ఒకరోజు బస్సు కిక్కిరిసి ఉంది. విజిలు నోట్లో పెట్టుకోబోతూ కండక్టరమ్మ టక్కున ఆగిపోయింది. పొద్దున ఐదు చెయ్యడం మర్చిపోయింది. ఫ్యాను రెండులోనే ఉండిపోయింది.

జనం సణుగుతున్నారు. డ్రైవరు అద్దంలోంచి చూశాడు. "అక్కా, ఏమైంది?"

ఆవిడ గుండె మీద చెయ్యేసి చూసుకుంది. కాస్త కలుక్కుమంది. కాస్తే.

"ఇవాళ నేనే గెలిచానయ్యా" అంది గాలిలోకి. "కుళ్ళుకుంటే రేపు చూసుకుందాం."

"ఎవరితోనక్కా?"

"మా ఆయనతోలే. నువ్వు ముందు చూసి తోలు." జనం వైపు తిరిగింది. "ఏం చూస్తున్నారు? ముందుకు జరగండి, లోపలంతా ఖాళీయే!"

రెండు విజిళ్ళు వేసింది. తుమ్ముల్లేకుండా.