ఒక్క బిస్కెట్ తక్కువ

తూనికల ఆఫీసరు తన సొంత కాటా చంకన పెట్టుకుని బిస్కెట్ల తయారీ షెడ్డులోకి వచ్చేసరికి యజమానికి పై ప్రాణాలు పైనే పోయాయి. బజార్లో కొన్న ప్యాకెట్లను ఆఫీసరు బల్లమీద వరసగా పేర్చి, ఒక్కొక్కటే చించి తూచి చూపించాడు. పైన అచ్చయిన బరువుకన్నా ప్రతిదాంట్లోనూ సరిగ్గా ఒక్క బిస్కెట్ బరువు తక్కువ.

“పొరపాటైతే ఒకదాంట్లో తగ్గుతుంది, ఇంకోదాంట్లో పెరుగుతుంది. అన్నిట్లోనూ ఒకేలా తగ్గిందంటే కావాలని చేసినట్టే. షెడ్డుకి తాళం వేయాల్సి వస్తుంది,” అన్నాడు.

యజమాని లబోదిబోమన్నాడు. ఉన్న ఉద్యోగం వదిలేసి, నానా తంటాలూ పడి పెట్టుకున్న షెడ్డు అది. “నా చేతుల్తో నేనే తూస్తానండీ. ఒట్టు!”

“అయితే నా ముందు తూయండి.”

తూచాడు. సరిపోయింది. ఆఫీసరు తన కాటామీద మళ్లీ తూచాడు. అక్కడా సరిపోయింది. అనుమానం తీరక, షెడ్డులోని కాటా కింద తల దూర్చి, అయస్కాంతం గట్రా అతికించారేమోనని వేళ్లతో తడమడం మొదలుపెట్టాడు. “ఇక్కడ సరిగ్గా ఉన్నది బజారుకెళ్లేలోపు ఎలా తగ్గుతుందయ్యా? బిస్కెట్లకి కాళ్లొచ్చాయా?” అని కిందనుంచే అడిగాడు.

దిక్కులు చూస్తున్న యజమానికి కిటికీ దగ్గర కూర్చున్న అత్తగారు కనిపించింది. తూచిన ప్యాకెట్లకు సీలు వేయడం ఆమె పని. ఆమె ఒక ప్యాకెట్ అందుకుంది. అందులోంచి ఒక బిస్కెట్ తీసి నోట్లో వేసుకుంది. కళ్లు మూసుకుని నమిలి, బాగుందన్నట్టు తల ఊపి సీలు వేసింది. ఇంకోటి అందుకుంది. మళ్లీ అదే తంతు. రుచి చూడకుండా ఏ వంటా ఎవరికీ పెట్టి ఎరగని మనిషి మరి! ఈవిడకు మధ్యాహ్నం అన్నం సహించడం లేదంటూ తన భార్య డాక్టర్ల చుట్టూ ఎందుకు తిప్పుతోందో కూడా అల్లుడికి అప్పుడే అర్థమైంది.

నిజం చెప్పేయొచ్చు. కానీ ఎవరూ అడక్కుండానే, మోకాళ్ల నొప్పులతో రోజూ వచ్చి కూర్చునే మనిషిని కేసులో ఎలా ఇరికిస్తాడు? మోసం అన్న మాట తనమీద పడితే ఆమె తట్టుకోలేదు. ఆమె అంటే అతనికి నిజంగా ప్రాణం.

“నేనే తింటున్నానండీ,” అన్నాడు.

ఆఫీసరు గబుక్కున లేచాడు. “ప్రతి ప్యాకెట్లోంచా?”

“తూచాక ఒకటి నోట్లో వేసుకోకుండా చెయ్యి ఊరుకోదండీ.”

ఆఫీసరు ఆ బక్క ప్రాణిని ఎగాదిగా చూసి నవ్వాపుకోలేకపోయాడు. “సొంత సరుకు దొంగిలించే యజమానిని నా సర్వీసులో చూళ్లేదు!” జరిమానా రాసిచ్చి, మళ్లీ వస్తాననీ, అప్పుడూ తగ్గితే తాళమేననీ చెప్పి వెళ్లిపోయాడు.

అత్తగారు నిర్ఘాంతపోయింది. రుచి చూడటం కూడా తినడమేనని ఆమెకు ఏ కోశానా తోచలేదు.

“ఇదేం పని అల్లుడుగారూ? జనం కొనుక్కునేదాంట్లోంచి తీసుకు తింటారా? ఆకలేస్తే నన్నడిగితే పెట్టనూ?”

“తప్పయిపోయింది అత్తయ్యగారూ. నా నోరు నా మాట వినదు. ఇకనుంచి ప్రతి ప్యాకెట్లో ఒకటి ఎక్కువే వేస్తాను. నేను తిన్నా బరువు తగ్గదు.”

“వేస్తే వేసుకోండి. నా కళ్లముందు ఒక్కటి ముట్టుకోండి, అప్పుడు చెప్తాను!” అంటూ ఆమె కుర్చీని కాటా పక్కకి లాక్కుంది.

ఆఫీసరు అన్నట్టే మళ్లీ వచ్చాడు, బజార్లో కొన్న ప్యాకెట్లతో. ఒకటి చించాడు, ఇంకోటి చించాడు, అన్నీ చించాడు. బరువు ఎక్కడా తగ్గలేదు.

“నేను కాపలా కూర్చున్నాక ఒక్కటి తగ్గితే ఒట్టు బాబూ!” అంది అత్తగారు.

“మీ షెడ్డు నిలిచిందంటే ఈ అమ్మగారి చలవే. దండం పెట్టుకోండి,” అన్నాడు ఆఫీసరు.

అల్లుడు చేతులు జోడించాడు.

“దండాలకేం గానీ, ముందు నోరు కట్టుకోవడం నేర్చుకోండి,” అంటూ ఆమె ఇంకో ప్యాకెట్ అందుకుంది.