చిల్లుల అట్ట

మిస్టర్ బహ్గత్ పెట్టే ఇంగ్లీషు పరీక్షంటే కఫ్ర్ సాబిర్ ఊళ్ళో ఆడపిల్లల సెకండరీ స్కూలు మొత్తానికి హడలు అని మిస్టర్ బహ్గత్ అనేవాడు. ఇంకెవరూ అనగా ఎవరూ వినలేదు. తన డప్పు తాను కొట్టుకునేవాడికి పక్కవాద్యాలతో పనేముంది? ఇప్పుడు ఈ కథని కాఫీ హోటల్లో కూర్చుని అందరికంటే గట్టిగా నవ్వుతూ చెప్పేది కూడా ఆయనే. కాబట్టి ఇందులో ఆయన్ని నేను ఏమన్నా, ఆయన తనని తాను అనుకున్నదాంట్లో సగమే.

పద్దెనిమిదేళ్ళుగా ఆయన మొదటి ఏడాది పిల్లలకి నెలకో పరీక్ష పెట్టేవాడు. వ్యాకరణమూ పదాలూ కలిపి నలభై ప్రశ్నలు. ఒక్కో ప్రశ్నకి కింద ఏ, బీ, సీ, డీ అని నాలుగు జవాబులు, అందులో సరైనది ఒకటే. పిల్లలు జవాబు కాగితం మీద గడిలో టిక్కు పెట్టాలి.

ఆ పరీక్షకి ప్రాణం ఒక అట్టముక్క. పెళ్ళయిన కొత్తల్లో బూట్ల డబ్బా మూత కోసి, సరైన జవాబులున్న చోటల్లా సిగరెట్టు నిప్పుతో చిల్లు పెట్టాడు. నలభై చిల్లులు. పిల్ల రాసిన కాగితం మీద ఆ అట్ట పరిచి, చిల్లుల్లోంచి కనబడే టిక్కులు లెక్కపెడితే మార్కులు వచ్చేసినట్టే. తోటి టీచర్లు వారం రోజులు కళ్ళు కాయలు కాసేలా దిద్దే కాగితాల్ని ఆయన గ్లాసు టీ చల్లారేలోపు దిద్ది పడేసేవాడు.

న్యాయంగా పరీక్ష మారినప్పుడల్లా అట్ట కూడా మారాలి. కానీ ఆ నలభై చిల్లులకే ఇల్లంతా పొగ కమ్మిందని ఆయన భార్య ఇన్సాఫ్ గోల పెట్టింది. దాంతో సిగరెట్లూ మానేశాడు, రెండో అట్టా పుట్టలేదు. ఆయనేమీ తక్కువ తిన్నవాడు కాదు కదా, ఉపాయం కనిపెట్టాడు. కొత్త ప్రశ్న రాసేముందు అట్ట వంక చూసేవాడు. చిల్లు ఎక్కడుంటే సరైన జవాబుని అక్కడ కూర్చోబెట్టేవాడు. లోకంలో అందరూ తలకి తగ్గ టోపీ కుడతారు. ఆయన టోపీకి తగ్గ తల వెతికేవాడు. అదేదో గొప్ప పని అనుకునేవాడు కూడా.

ఫలితాలు చూస్తే కళ్ళు చెదిరేవి. క్లాసు మొత్తానికి ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది. అదే పిల్లలు మూడో ఏడాది పబ్లిక్ పరీక్షలో ఇంగ్లీషు దగ్గర బోర్లా పడేవారు. దానికి ఆయన దగ్గర సమాధానం సిద్ధంగా ఉండేది.

"నేను గోడ కట్టి అప్పజెప్పాను. పై క్లాసులవాళ్ళకి సున్నం వెయ్యడం కూడా చేతకాకపోతే నేనేం చెయ్యను?" అనేవాడు.

ఇంగ్లీషు మీద పిల్లలకి అంత ప్రేమ పుట్టించింది తానేనని ఆయన నమ్మకం. విరామంలో ఆడపిల్లలు ఎదురెదురుగా నిలబడి చప్పట్లు కొట్టుకుంటూ ఇంగ్లీషు అక్షరాలే పాట కట్టి పాడుకునేవారు. ఏ సీ సీ బీ, డీ ఏ బీ డీ... వరస మాత్రం తిన్నగా ఉండేది కాదు. పోనీలే, పసిపిల్లలు, రాగం బాగుంది అని మురిసిపోయేవాడు. ఈద్ పండగొస్తే పిల్లల తల్లులు పళ్ళేలకి పళ్ళేలు కహ్క్ బిస్కెట్లు పంపేవారు. "చూశావా, గురువంటే ఎంత గౌరవమో!" అని ఆయన పంచదార పొడి మీసాలకి అంటించుకుంటూ ఇన్సాఫ్‌తో అనేవాడు.

అలాంటి మనిషికి ఆ చలికాలంలో జిల్లా విద్యాశాఖ నుంచి ఉత్తరం వచ్చింది. మొదటి ఏడాది ఫలితాల్లో ఆయన్ని మించినవాడు లేడు కనుక జిల్లా మొత్తానికి ఇంగ్లీషు ఇన్‌స్పెక్టరుగా వేస్తున్నారట. గురువారం అధికారి వచ్చి, చివరి పరీక్ష కాగితాలు ఒకసారి చూసుకుని, సభలో ప్రకటిస్తాడట. హెడ్‌మిస్ట్రెస్ అబ్లా సౌసన్ అప్పుడే మైకు పనిచేస్తోందో లేదో ఊది చూసుకుంటోంది.

ఆ చివరి పరీక్ష ఆదివారం జరిగింది. దాన్ని చేతిరాతతో కాకుండా మొదటిసారి హాజీ మిత్వల్లీ జిరాక్సు కొట్లో కంప్యూటరు మీద కొట్టించారు. ముప్పై ఏడుమంది రాశారు. ముప్పై ఆరుమందికి ముప్పై తొమ్మిదో నలభయ్యో. ఒక్క పిల్లకి మాత్రం ఏడు.

ఆ పిల్ల పేరు రోఫైదా. అస్వాన్ నుంచి వచ్చి మూడు వారాలయింది. తండ్రి సాలిహీన్ లారీ డ్రైవరు, ఇటువైపు పని దొరికి కూతుర్ని తెచ్చుకున్నాడు. కాలేజీ చదివి, అస్వాన్ వెళ్ళి, విదేశీయులకి గుళ్ళు చూపించే గైడు కావాలని ఆ పిల్ల కోరిక. మిస్టర్ బహ్గత్‌కి నిజంగానే జాలేసింది. జాలితోనే రాశాడు: ఈ అమ్మాయికి ఇంగ్లీషు తలకెక్కదు, కామర్స్ స్కూలుకి మార్చడం మేలు. తండ్రి ఆ కాగితం మీద వేలిముద్ర వేస్తే అంతే, మళ్ళీ ఈ గేటులోకి రానివ్వరు. అటు పోయిన పిల్లకి గైడు చదువు ఇక కలే.

బుధవారం పొద్దున్న అబ్లా సౌసన్ గదిలో సాలిహీన్ తలపాగా సర్దుకుని కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. రోఫైదా గోడవారగా నిలబడింది. మిస్టర్ బహ్గత్ విషయం మెత్తగా చెప్పి కాగితం ముందుకి జరిపాడు.

సాలిహీన్ దాన్ని ముట్టుకోలేదు. "మిస్టర్, నేను అచ్చరం ముక్క రానోణ్ణి. వేలు పెట్టమంటే పెడతా. కానీ ఏ లారీ ఎక్కినా ముందు చక్రాలు తన్ని చూసుకునే అలవాటు నాది. ఆ పరీచ్చ నాకు చదివి ఇనిపించండి. మా పిల్ల తప్పేదో నా చెవిన పడాల."

"దానికేముంది సాలిహీన్ గారూ, వినండి," అన్నాడు మిస్టర్ బహ్గత్ ఉత్సాహంగా. ప్రశ్నపత్రం పక్కన రోఫైదా కాగితం పెట్టి, దాని మీద అట్ట పరిచాడు. "మొదటి ప్రశ్న. రొట్టెలు కాల్చేవాణ్ణి ఏమంటారు? దంతవైద్యుడు, లాయరు, పైలటు, బేకరీవాడు. మీ అమ్మాయి బేకరీవాడని పెట్టింది. తప్పు! సరైన జవాబు..." చిల్లులోకి తొంగిచూశాడు. "దంతవైద్యుడు."

అబ్లా సౌసన్ చేతిలో టీ గ్లాసు అక్కడే ఆగిపోయింది.

"ఈ ఊరి పద్ధతి నాకు తెలవదు," అన్నాడు సాలిహీన్ మర్యాదగా. "మా అస్వాన్‌లో మాత్రం పళ్ళు పీకేవోడి కాడ రొట్టె కొనం."

మిస్టర్ బహ్గత్ అట్టని అటూ ఇటూ జరిపాడు. తలకిందులుగా పెట్టలేదు కదా? లేదు. రెండో ప్రశ్న చదివాడు. విమానాలు ఎక్కడ దిగుతాయి? చిల్లు ప్రకారం ఆసుపత్రిలో. మూడోది, నిన్న జరిగిన సంగతి ఎలా చెప్పాలి? చిల్లు ప్రకారం రేపు జరగబోతున్నట్టు. నాలుగోది చదవకుండా అట్ట కింద పెట్టాడు.

"అబ్లా, ఒక్కసారి ఫోను..." అని మిత్వల్లీకి చేశాడు.

"ఆ, మిస్టర్! రెండో పేజీ ముందు కొట్టాను, మొదటి పేజీ తర్వాత కొట్టాను," అన్నాడు మిత్వల్లీ అవతలినుంచి హాయిగా. "నంబర్లు కంప్యూటరే వేసేసుకుంది, మహా తెలివైంది లెండి. ఏం, పిల్లలెవరికైనా ఇబ్బందయిందా?"

పిల్లలెవరికీ ఇబ్బంది కాలేదు. ఫోను పెట్టేశాక ఆయనకి అసలు గొడవ తెలిసింది అక్కడే. ప్రశ్నల వరస మారిపోయింది, అట్ట మారలేదు. అయినా ముప్పై ఆరుమంది టిక్కులు చిల్లుల్లో చక్కగా కూర్చున్నాయి. అంటే ముప్పై ఆరుమందీ రొట్టె కోసం దంతవైద్యుడి దగ్గరికి వెళ్ళారు, విమానాన్ని ఆసుపత్రిలో దింపారు. బేకరీకి వెళ్ళిన పిల్లని తాను స్కూల్లోంచి గెంటబోయాడు.

అబ్లా సౌసన్ లోకం చూసిన మనిషి. ముందుకి వంగి చిన్నగా అంది: "మిస్టర్ బహ్గత్, ఈ పిల్లకి నలభై వేసెయ్యండి. బదిలీ కాగితం చించేద్దాం. మిగతావి కట్టలోనే ఉండనివ్వండి. రేపు గురువారం, గుర్తుందిగా."

గుర్తుంది. మెడలో పడబోయే దండ కూడా కళ్ళముందే ఉంది. ఆయన ముందు బదిలీ కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు. తర్వాత ఎర్ర పెన్ను తీసి, రోఫైదా కాగితం మీది ఏడు కొట్టేసి, తేలు కుట్టిన దొంగలా నవ్వాడు.

"అచ్చులో చిన్న పొరపాటు తల్లీ. నీకు నలభైకి నలభై, సరేనా?"

"వద్దు మిస్టర్," అంది రోఫైదా. "ఐదు నాకు తెలీవు. ఏదో ఒకటి అని గుడ్డిగా పెట్టాను. ముప్పై ఐదు వస్తే చాలు."

మిస్టర్ బహ్గత్‌కి సిగ్గేసింది. పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. తనకి రాని ఐదింటిని పదిహేనేళ్ళ పిల్ల వద్దంటోంది. తనకి తగని పదవిని తాను రెండు చేతులా అందుకోబోతున్నాడు. ముప్పై ఐదు వేసి, అట్ట చంకలో పెట్టుకుని తిన్నగా క్లాసుకి నడిచాడు.

"రొట్టెలు కాల్చేవాడు దంతవైద్యుడని ఎవరు చెప్పారే మీకు?" అని గర్జించాడు.

షాహీనాజ్ అనే పిల్ల లేచింది. ఆ పిల్లకి అదురూ బెదురూ లేవు.

"ఆ ప్రశ్న ఉందా మిస్టర్ అందులో?"

"చదవలేదా!"

"చదివితే పాట తప్పుతుంది కదా మిస్టర్."

"ఏం పాట?"

షాహీనాజ్ పక్కపిల్ల వైపు తిరిగింది. ఇద్దరూ చప్పట్లు కలిపి అందుకున్నారు. ఏ సీ సీ బీ, డీ ఏ బీ డీ... మిస్టర్ బహ్గత్ చంకలోంచి అట్ట తీసి చిల్లుల మీద వేలు జరుపుకుంటూ పోయాడు. నలభయ్యో చిల్లు దగ్గర పాటా అయిపోయింది, ఆయన పనీ అయిపోయింది.

"ఎవరు నేర్పారిది?"

"మా అక్క."

"దానికెవరు నేర్పారు?"

షాహీనాజ్ ఆశ్చర్యంగా చూసింది. "మీరే కదా మిస్టర్!"

"నేనా?"

"పరీక్ష రాస్తుంటే బెంచీల మధ్య తిరుగుతూ మీరు పాడతారుగా! మిస్టర్ బహ్గత్ పైకి అరుస్తారు గానీ మనసు వెన్న, మర్చిపోయినవాళ్ళ పక్కన నిలబడి ఇంకాస్త గట్టిగా పాడతారు అని మా అక్క చెప్పింది. అందుకేగా మా అమ్మ ఈద్‌కి కహ్క్ పంపేది."

మిస్టర్ బహ్గత్ కుర్చీలో కూలబడ్డాడు. దిద్దేటప్పుడు చిల్లుల వరస కూనిరాగం తీయడం తన అలవాటు. అది నాలుక మీద అంత పాతుకుపోయిందనీ, పరీక్ష గదిలోకీ వెంట వస్తోందనీ తనకే తెలియదు. రోఫైదా కొత్తది కాబట్టి ఎవరో పెద్దాయన పాడుకుంటున్నాడులే అనుకుని ప్రశ్నలు చదువుకుంది. తాను ఊరిని హడలెత్తిస్తున్నానని ఆయన అనుకుంటూ ఉంటే, ఊరు ఆయన్ని చూసి ఎంత మంచివాడో అనుకుంటోంది. ఆయనకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నవ్వే ముందొచ్చింది.

ఆ రాత్రి తెల్లవార్లూ కూర్చుని కాగితాలన్నీ చదివి దిద్దాడు. తొమ్మిది, పదకొండు, ఎనిమిది. గురువారం అధికారి చేతికి ఆ కట్ట ఇచ్చి, పైన అట్ట పెట్టి, జరిగిందంతా చెప్పాడు. అధికారి అట్టని వెలుతురుకి ఎత్తి చిల్లుల్లోంచి ఆయన్ని కాసేపు చూసి కారెక్కాడు. మైకు ఊరికే ఉండిపోయింది. ఇన్‌స్పెక్టరు పదవి పక్క ఊరి టీచరుకి పోయింది.

"పోతే పోయింది," అంది ఇన్సాఫ్, అలవాటుగా మొగుణ్ణి కూతురి పేరుతో పిలుస్తూ. "జీహాన్ వాళ్ళ నాన్నా, ఆ పాట ఇంట్లో కూడా పాడకు. పెళ్ళయిన దగ్గర్నుంచీ వినలేక చస్తున్నాను."

తర్వాతి నెల పరీక్షకి అట్ట లేదు. నెలంతా మొదటి పాఠం నుంచీ మళ్ళీ చెప్పుకొచ్చి, కొత్త ప్రశ్నలు రాశాడు. కూనిరాగం రాకుండా పుచ్చగింజలు నోట్లో పోసుకుని బెంచీల మధ్య తిరిగాడు. ముప్పై ఆరుమంది తలలెత్తి ఆయన నోటి వంక ఆశగా చూశారు. ఆయన గింజలు నములుతూ పోయాడు. కాసేపటికి ఒక్కో తలా వంగి, ప్రశ్నలు చదవడం మొదలుపెట్టింది.

నాలుగు రోజులు పట్టింది దిద్దడానికి. రోఫైదాకి ముప్పై ఆరు. ఆ తర్వాత షాహీనాజ్, పద్నాలుగు.

ఆ ఈద్‌కి ఇన్సాఫ్ గుమ్మం వైపు చూసి చూసి విసిగిపోయింది. పొద్దెక్కాక ఒకే ఒక్క పళ్ళెం వచ్చింది. తెచ్చింది షాహీనాజ్.

"మా అమ్మ పంపింది మిస్టర్," అంది. "ఆ పద్నాలుగూ నేనే చదివి పెట్టానంటే ముందు నమ్మలేదు. ప్రశ్నలు చదివి, అర్థం చెప్పి చూపించాను."

మిస్టర్ బహ్గత్ ఒక కహ్క్ తీసుకుని కొరికాడు. పంచదార పొడి మీసాలకి అంటుకుంది. ఆయన జన్మలో, ఎందుకు పంపారో తెలిసి తిన్న కహ్క్ అదే మొదటిది.