తోడల్లుడి కంటే ఒకటి ఎక్కువ

“పన్నెండు వెయ్యండి భాయ్,” అన్నాడు లక్ష్మీకాంత్, దోశలు ఆర్డరిచ్చినంత తేలిగ్గా.

రహ్మాన్‌కు ఒళ్ళు మండింది. విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్ళుగా ఇంజన్లు కడుతున్నాడు. లక్ష్మీకాంత్‌కు బెంజ్ సర్కిల్ దగ్గర టైల్స్ షాపు ఉంది. ఆయన పాత కారు ఇంజన్ రహ్మాన్ షెడ్డులో బల్ల మీద విప్పి ఉంది. దాన్ని కుర్రకారు బండిలా పరిగెత్తించాలని ఆయన ముచ్చట.

“కంప్రెషన్ రేషియో అంటే మన ఇష్టం కాదండీ. లోపలికొచ్చిన గాలినీ పెట్రోలునీ పిస్టన్ ఎన్నో వంతుకి నొక్కుద్దో ఆ లెక్క. మీ ఇంజన్‌కి, మన పంపుల్లో దొరికే పెట్రోలుకి, మన మే నెల ఎండకి తొమ్మిదిన్నర చాలు. ఎక్కువ నొక్కితే మంట టైముకి ముందే అంటుకుంటది. ఇంజన్ టకటకా కొట్టుకుంటది, ఆనక పిస్టన్ కరిగిపోద్ది.”

“మా జయంత్‌ది పదకొండంట.”

అదీ సంగతి. గుడివాడ జయంత్ లక్ష్మీకాంత్‌కు తోడల్లుడు. మామగారింట్లో ఎవరికి ముందు కాఫీ ఇచ్చారన్న దగ్గర మొదలైన పోటీ, ఏసీలూ టీవీలూ దాటి పిస్టన్ల దాకా వచ్చింది. పదకొండంటే ఏమిటో జయంత్‌కూ తెలియదు, లక్ష్మీకాంత్‌కూ తెలియదు. పదకొండు కంటే పన్నెండు పెద్దదని మాత్రం ఇద్దరికీ తెలుసు.

రహ్మాన్ భయం వేరు. పోయినేడాది ఒకాయన ఇలాగే ప్రాణం తీస్తే మొహమాటానికి పోయి పదకొండున్నర వేశాడు. బండి ఇబ్రహీంపట్నం దాటకముందే పిస్టన్‌కు బొక్క పడింది. వెయ్యమన్నవాణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. “రహ్మాన్ కట్టిన ఇంజన్ కరిగిపోయింది” అన్నారు. ఆర్నెల్లు షెడ్డు గుమ్మం తొక్కినవాడు లేడు. పేరు ఇంకొక్కసారి పోతే షట్టర్ దించెయ్యడమే.

“నేను వెయ్యనండి. ఇంకో షెడ్డు చూసుకోండి.”

లక్ష్మీకాంత్ ముఖం వాడిపోయింది. “వచ్చే నెల మా మామగారి షష్టిపూర్తి భాయ్. అందరి ముందూ అడుగుతాడు. నేనేం చెప్పాలి?”

రహ్మాన్‌కు జాలేసింది. చూస్తుంటే ఈయనకు కావలసింది బండి కాదు, మాట. “ఓ పని చేద్దామండీ. ఇంజన్లో తొమ్మిదిన్నర వేస్తా. నోట్లో మీ ఇష్టం. నేను ఎవరికీ చెప్పను.”

లక్ష్మీకాంత్ లేచి చెయ్యి కలిపాడు. తన తెలివికి రహ్మాన్ కూడా తెగ మురిసిపోయాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్న మాట ఆ పూట అతనికి గుర్తు రాలేదు.

ఇంజన్ హెడ్డులో మంట మండే గుంటల్లో సిరంజితో నూనె పోసి, ఎంత పడుతుందో కొలిచి, రెండుసార్లు లెక్క చూసుకుని, సరిగ్గా తొమ్మిదిన్నరకు కట్టాడు. కొండపల్లి దాకా తీసుకెళ్ళి తెచ్చాడు. ఎండలోనూ ఇంజన్ కిక్కురుమనలేదు.

షష్టిపూర్తిలో లక్ష్మీకాంత్ తన బండిది పన్నెండనీ, కట్టింది రహ్మాననీ అందరికీ చెప్పాడు. జయంత్ పెరుగన్నం తినకుండానే విస్తరి ముందు నుంచి లేచాడట. మర్నాడే తన కారు తెచ్చి రహ్మాన్ షెడ్డు ముందు ఆపాడు.

“నాకు పదమూడు వెయ్యండి.”

ఎవరికీ చెప్పనని మాటిచ్చాడు కాబట్టి రహ్మాన్ పక్కకెళ్ళి లక్ష్మీకాంత్‌కు ఫోన్ చేశాడు. “అయ్యా, ఈయన ఇంజన్ కాల్చేసుకునేట్టున్నాడు. నిజం చెప్పెయ్యనివ్వండి.”

“ఏం నిజం భాయ్? పన్నెండే కదా వేశారు! మొన్న హైవే మీద చూశా, తొమ్మిదిన్నర బండి అట్టా లాగుద్దా?”

నవ్వుతాడేమోనని రహ్మాన్ ఎదురుచూశాడు. లక్ష్మీకాంత్ నవ్వలేదు. అంతమందికి చెప్పి చెప్పి, ఆ మాటను ఆయనే నమ్మేశాడు.

ఇక మాట తప్పక తప్పలేదు. రహ్మాన్ జయంత్ దగ్గరకొచ్చి, “ఆయన బండిలో ఉన్నది తొమ్మిదిన్నరండీ. నా చేత్తో నేనే కట్టా,” అన్నాడు.

జయంత్ జాలిగా చూశాడు. “నాకు చెప్పొద్దని మా తోడల్లుడు మీ దగ్గర ఒట్టేయించుకున్నాడు కదూ? అతని సంగతి నాకు తెలీదా! మీరు పన్నెండు వెయ్యగా లేంది, పదమూడు వేసేవాళ్ళు దొరక్కపోరు.”

“అమ్మతోడండీ, తొమ్మిదిన్నరే!”

జయంత్ అప్పటికే కారెక్కేశాడు.

పన్నెండు రోజుల తర్వాత ఆ కారు రహ్మాన్ షెడ్డు ముందు నుంచే వెళ్ళింది. ముందు ట్రాక్టరు, మధ్యలో గొలుసు, వెనకాల ఇంజన్ ఆగిపోయిన కారు. స్టీరింగ్ పట్టుకున్న జయంత్ ఎవరి వైపూ చూడలేదు.

ఎదురుగా టీ బడ్డీ దగ్గరున్న నలుగురూ గ్లాసులతోనే రోడ్డు మీదకొచ్చారు. “ఎవరు కట్టిన ఇంజనంట?” అని ఒకడు అడిగాడు.

“ఎవరు కడితే ఏంటి? రహ్మాన్ భాయ్ పన్నెండుకి కట్టాడు కదా, అది చూసే కట్టారంట.”

కాదని అరవడానికి రహ్మాన్ నోరు తెరిచాడు. చెప్పాల్సిన నిజమేమో చెప్పడం అయిపోయింది. నమ్మినవాడు లేడు.