రెండు యంత్రాలు, ఒకే కాగితం

నేను ఒక మాక్రోని, కంప్యూటర్‌లో ఉండే చిన్న ప్రోగ్రాంని. నన్ను పట్టుకుని చూడలేరు. తెరమీద ఒక బటన్ ఉంటుంది. దాన్ని నొక్కితే పట్టికలోని పేర్లు తీసుకుని ఉత్తరాలు తయారుచేసి ప్రింటర్‌కు పంపుతాను. మనిషి పూటంతా చేసే పని అది. అలా మిగిలిన పూటలో మనిషి ఏం చేస్తాడని నన్ను అడగకండి.

నన్ను రాసింది గుండేటి స్వరూప. హనుమకొండలోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఔట్‌సోర్సింగ్ ఆపరేటర్. నియామకం, పొడిగింపు, తొలగింపు అని నాకు మూడు ఉత్తరాలు నేర్పింది. రాసిన ప్రతిసారీ పరీక్షకు తన పేరే పెట్టేది. తొలగింపు ఉత్తరంలో ఇంకొకరి పేరు పెడితే వాళ్లకు అచ్చిరాదని ఆమె నమ్మకం. అందుకే నాలో ఒక ఏర్పాటు చేసింది: పేర్ల పట్టిక ఖాళీగా ఉంటే ఆమె పేరుతోనే రాస్తాను.

నా కష్టం వేరు. హైదరాబాద్ కార్యాలయంలో ఉన్నది కొన్న సాఫ్ట్‌వేర్, జిల్లాల్లో ఉన్నది ఉచితంగా వచ్చినది. ఒక ఇంట్లో చెంబు అన్నదాన్ని పక్కింట్లో ముంత అంటారు. అక్కడి సాఫ్ట్‌వేర్ నేను ఉత్తరంలో పట్టిక గీయమంటే గీసేది, ఇక్కడిది అదే మాట అంటే కదిలేది కాదు. స్వరూప నన్ను రెండు రకాలుగా రాసి ఉంచింది. ఎక్కడ ఆగినా ఆమెకే ఫోన్ వచ్చేది. ఆ ఫోన్ల వల్లనే ఏటా ఆమెకు పొడిగింపు వచ్చేది. ఉద్యోగ పరీక్షలు రాసే వయసు దాటింది. ఇది పోతే మరొకటి లేదని ఆమెకు తెలుసు, సూపరింటెండెంట్ కనకాచారికీ తెలుసు.

ఒకనాడు ఉత్తర్వు వచ్చింది. మాక్రోలు సాఫ్ట్‌వేర్‌ను పని అడిగే పిలుపులన్నీ ఇక ఒకే ప్రమాణంలో ఉండాలి. ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఒకే పిలుపుకు ఒకే పని జరగాలి. నన్ను ఆ ప్రమాణంలోకి మార్చే పని స్వరూపకు ఇచ్చారు.

"తాళంచెవి నువ్వే ఇస్తున్నవ్ బిడ్డా," అన్నాడు డిస్పాచ్ చూసే మొగిలయ్య.

"ఇది చేస్తె పొడిగింపు ఖాయమన్నడే కనకాచారి సారు."

"కాయితం మీద అన్నడా?"

ఆమె నవ్వి టైపు చేసుకుంది.

పని పూర్తయ్యాక డైరెక్టర్ చూడటానికి వచ్చాడు. బల్లమీద రెండు కంప్యూటర్లు, రెండు సాఫ్ట్‌వేర్లు, రెండింటిలోనూ నేను. పట్టిక ఉన్న ఉత్తరం చూపించమన్నాడు. పట్టిక ఉన్నది తొలగింపు ఉత్తరంలోనే, అప్పగించాల్సిన వస్తువుల కోసం. పేర్ల పట్టిక నింపకుండానే స్వరూప రెండు బటన్లూ నొక్కింది. గుండేటి స్వరూప సేవలు ఇకపై అవసరం లేనందున తక్షణం ఉపసంహరించడమైనదని రెండు చోట్లా రాశాను. డైరెక్టర్ రెండు కాగితాలూ వెలుతురుకు ఎత్తి, ఒకదానిమీద ఒకటి పెట్టి చూశాడు. గీతమీద గీత పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. స్వరూప కూడా కొట్టింది.

టీ వచ్చింది. కప్పులకు చోటు కోసం కనకాచారి బల్లమీది కాగితాలు సంతకాల ఫైలులో పెట్టాడు. డైరెక్టర్ ఆ ఫైలు మీద కారు దగ్గర నిలబడి సంతకాలు చేశాడట. పేజీలు తిప్పి, వేలు పెట్టి చోటు చూపింది కనకాచారి.

మర్నాడు మొగిలయ్య నంబరు వేసిన ఉత్తరం పట్టుకుని ఆమె దగ్గరికి వచ్చాడు. ఒక ప్రతి అప్పటికే ఆమెను పనికి పంపిన ఏజెన్సీకి వెళ్లింది.

"నీకు ముందే తెల్సనుకున్న," అన్నాడు.

స్వరూప చూసి నవ్వింది. "ఇది టెస్టు కాయితం మొగిలన్నా."

"కింద సంతకం టెస్టుది కాదు గద."

ఆమె కనకాచారి దగ్గరికి వెళ్లింది. నేనున్న కంప్యూటర్ ఆయన గదిలోనే ఉంది.

"డైరెక్టర్ సారు చదివిండు గద సార్, రెండూ పట్టుకొని?"

"రెండు ఒక్కతీరుగ ఉన్నయా లేవా అని చూసిండు. అండ్ల ఏమున్నదో ఎందుకు చూస్తడు?"

"రద్దు చేయమని రాయుండ్రి సార్."

"ఏమని రాయాలె? సారు చూడకుంట సంతకం పెట్టిండనా? నేను చూడకుంట పెట్టిచ్చిననా?" ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "నిన్నటిదాక అయితే ఏదో ఒకటి చేస్తుంటిమి. ఇప్పుడు దీన్ని ఎవలైనా నడుపుతరు గద స్వరూపా. నువ్వే చేసినవ్."

ఆమె తన బల్ల దగ్గరికి వెళ్లి వస్తువులు తెచ్చింది. ఉత్తరంలో నేను గీసిన పట్టిక ప్రకారం కీబోర్డు, మౌస్, బీరువా తాళం అప్పగించింది. కనకాచారి ఒక్కొక్కటి చూసుకుని టిక్కు పెట్టాడు. మౌస్ వైరు చుట్టి ఇమ్మన్నాడు. చుట్టి ఇచ్చింది.

ఇప్పుడు నేను అన్ని జిల్లాల్లో ఉన్నాను. ఎక్కడా ఆగను. ఎవరూ ఎవరికీ ఫోన్ చేయరు. ఆగనిదాన్ని విప్పి చూసే అలవాటు మనుషులకు లేదు కనుక ఆమె పేరు నాలో అలాగే ఉంది. ఏదైనా కార్యాలయంలో నన్ను కొత్తగా ఎక్కించినప్పుడు పేర్ల పట్టిక ఖాళీగా ఉంటుంది. ఆపరేటర్ బటన్ నొక్కుతాడు. గుండేటి స్వరూప సేవలు ఇకపై అవసరం లేదని రాస్తాను. అతను గీతలు సరిగా పడ్డాయో లేదో చూసి, బాగుందని, కాగితం చించి బుట్టలో వేస్తాడు.