పళ్ళొచ్చీసినాయి

ముందుపళ్ళు ఊడిపోయాక సన్యాసిరావు నలుగురిలో నవ్వడం మానేశాడు. బ్రిడ్జి కడదామంటే ఆసరాకి పక్కపళ్ళు గట్టిగా లేవన్నాడు బిష్టుపూర్ డాక్టరు. దవడ ఎముకలో మర దించి పళ్ళు బిగిద్దామంటే షుగరు ఎక్కువట. చివరికి తీసి పెట్టుకునే కట్టుడుపళ్ళు ఇచ్చాడు.

సోనారిలో గదికొచ్చి అద్దంలో నవ్వి చూసుకున్నాడు. బాగానే ఉంది, చూసే దిక్కే లేదు. రాంచీలో ఉన్న కూతురు యోగితకి ఫోన్ చేశాడు.

“పళ్ళొచ్చీసినాయే అమ్మా! ఎంత బాగున్నాయో!”

“కౌన్‌సే ఫల్, పాపా? ఆమ్?”

హిందీలో పెరిగిన పిల్ల. తెలుగులో పళ్ళంటే దానికి తినేవే. దాంత్ అంటే ఒక్క ముక్కలో తెలిసిపోను. కానీ దాని గొంతులో అంత హుషారు విని ఎన్నాళ్ళయిందో!

“ఆఁ, మామిడిపళ్ళే. ఆదివారం వచ్చి తినీ.”

“దేఖ్తీ హూఁ,” అని పెట్టేసింది.

అది చూస్తానంటే రానట్టే. అయినా సన్యాసిరావు సంచీ పట్టుకుని మామిడిపళ్ళకి బజారుకి బయల్దేరాడు.